పెద్ద టైర్ల సేద్యం

ఎర్రమిట్ట మెట్టపంటల పరిశోధనా కేంద్రంలో ఏటీవీ బురదలో దిగబడిన రోజున ఎవరికీ దెబ్బలు తగల్లేదు. డైరెక్టరు జలంధరరావుగారి తెల్ల ప్యాంటు మాత్రం మోకాళ్ళ దాకా ఎర్రబడింది. ఆ ప్యాంటు తెల్లగానే ఉండి ఉంటే ఆ ఏడు ఆ కేంద్రంలో వేరుశనగ ఎప్పటిలాగే పండేది.

ఏటీవీ అంటే మోటారు సైకిలుకీ బుల్లి ట్రాక్టరుకీ మధ్యస్తంగా ఉండే నాలుగు చక్రాల బండి. గుర్రం ఎక్కినట్టు ఎక్కి, హ్యాండిలు పట్టుకుని నడపాలి. వెనక చిన్న తొట్టి. విత్తనాల సంచులు, మందు డబ్బాలు అందులో వేసుకుని సాళ్ళ మధ్య నుంచి మొక్క ఆకు నలక్కుండా వెళ్ళి వచ్చేది. కాగితాల మీద దాని పేరు ‘సర్వక్షేత్ర సంచార బహుళ వినియోగ వాహనం’. అంత పేరు పెట్టుకుని కూడా అది పాపం బుద్ధిగా పని చేసుకుంటూ ఉండేది.

దిగబడింది బోరు దగ్గర. పైపు కీలు దగ్గర నీళ్ళు కారి కారి అక్కడ ఎప్పుడూ అడుసే. పైపు బాగు చేయిస్తే పోతుందని ఎవరికీ తోచలేదని కాదు. పైపు నీటి విభాగానిది, బండి యంత్రాల విభాగానిది, ప్యాంటు డైరెక్టరుగారిది. మొదటి రెండు విభాగాలకూ ఎప్పటి నుంచో మాటల్లేవు.

“ఇది బురద సమస్య అని మనం భ్రమపడుతున్నాం,” అన్నారు జలంధరరావుగారు మర్నాటి సమావేశంలో, వేరే ప్యాంటులో. “బురద అనాదిగా ఉన్నది. అందులో దిగబడుట అనేది చక్రం యొక్క అల్పత్వాన్ని సూచిస్తుంది. కావున చక్రాన్ని సముచిత స్థాయికి ఉన్నతీకరించవలసి ఉన్నది.”

అందరూ తలలూపారు. చౌడేశ్వరి ఒక్కతే నోరు తెరిచింది.

“సార్, ఇప్పుడున్న టైర్లు సాళ్ళ మధ్య సరిగ్గా పడతాయి. ఆ కొలత చూసుకునే మనం విత్తుతున్నాం. టైర్లు పెద్దవైతే మొక్కల మీదికి ఎక్కుతాయి.”

“చౌడేశ్వరి గారూ, మీరు భావోద్వేగంతో మాట్లాడుతున్నారు. కేంద్రం దార్శనికతతో మాట్లాడుతున్నది.”

చౌడేశ్వరి భావోద్వేగం ఒక గోనెసంచిలో ఉంది. ఆమె ఆ కేంద్రంలో వేరుశనగ శాస్త్రవేత్త. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ, ఎండకు వాడిపోయి కూడా చావని మొక్కల్ని ఏరి, వాటి గింజలు విత్తి, మళ్ళీ ఏరి, చివరికి ఒక రకం తీసింది. వానలు నెల్లాళ్ళు ముఖం చాటేసినా అది ముడుచుకుని పడుకునేది. ఒక్క జల్లు పడితే లేచి కూర్చునేది. పొలంలో పనిచేసే ఆడవాళ్ళు దానికి ‘మొండికాయ’ అని పేరు పెట్టారు. రెండేళ్ళు పరీక్షలో నెగ్గింది. ఈ మూడో ఏడు కూడా నెగ్గితే, పంట కోతకొచ్చే వేళకు రాజధాని నుంచి వచ్చే ప్రత్యేకాధికారి చూసి సరేనంటే, విత్తనం రైతులకు ఇస్తారు. లేకపోతే పథకం మూసేసి గింజల్ని చల్లటి గదిలో పెడతారు. ఆ గదిలోకి వెళ్ళిన విత్తనం తిరిగి బయటికి రావడం ఆమె చూడలేదు.

టైర్లు లారీలో వచ్చాయి. దించడానికి మనుషులు చాలక వంటగదిలో వాళ్ళను కూడా పిలిచారు. కూలీల మేస్త్రి లచ్చుమక్క కొంగు నడుముకు దోపుకుని, ఒక టైరు పక్కన నిలబడి చూసింది. టైరు ఆమె రొమ్ముల దాకా వచ్చింది.

“బండికి ఇవి తెచ్చినారా తల్లీ, వీటికి బండి తెచ్చినారా?” అంది చౌడేశ్వరితో.

“నువ్వు నవ్వొద్దు అక్కా. నాకూ నవ్వొస్తాది.”

బండి నడిపే ఓబులేసు మాత్రం నవ్వలేదు. వాడు టైర్ల మీద చెయ్యి వేసి, కొత్త పెళ్ళికొడుకు బుగ్గ తడిమినట్టు తడిమాడు. “మా జిల్లాలో ఇట్లాంటి టైర్లు ఎవనికీ లేవు మేడం,” అన్నాడు. అది నిజమే. అవసరమైన వాళ్ళు కూడా ఎవరూ లేరు.

పాత టైర్లు విప్పి కొత్తవి తొడగడం, ఐదు లీటర్ల కుక్కరుకు పది లీటర్ల గ్యాస్కెట్టు తొడిగినట్టు సాగింది. చక్రం తిరిగితే మడ్‌గార్డుకు రాసుకుంది. మడ్‌గార్డులు కోసేశారు. అప్పుడు కాళ్ళు పెట్టుకునే చోట రాసుకుంది. కింద ఇనప దిమ్మలు పెట్టి బండిని పైకి లేపారు. లేపితే ఇరుసు చాలలేదు. ఇరుసుకు అతుకు వేశారు. అతుకు వేస్తే హ్యాండిలు కొద్దిగా మాత్రమే తిరిగింది. “కొద్దిగా తిరిగితే చాలు, ప్రగతి ఎప్పుడూ ముందుకే,” అన్నారు జలంధరరావుగారు.

పూజ చేసి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఓబులేసు బండి ముందుకు పోనిచ్చాడు. నిమ్మకాయ చితకలేదు. టైరు గళ్ళ మధ్య సందులో ఇరుక్కుని, చక్రంతో పాటు పైకి పోయి, ఒక చుట్టు తిరిగి, అవతల క్షేమంగా రాలిపడింది. ఇది శుభమో అశుభమో పూజారి చెప్పలేకపోయాడు. దీన్ని ‘మృదు స్పర్శా సామర్థ్యం’ అంటారని డైరెక్టరుగారు చెప్పారు.

ఆ రోజు నుంచి మడ్‌గార్డులు లేని చక్రాలు గులకరాళ్ళు ఎగజిమ్మేవి. వాన పడని ఆ ఊళ్ళో ఓబులేసు ఎండాకాలమంతా రెయిన్‌కోటు, హెల్మెట్టు వేసుకుని తిరిగాడు. డైరెక్టరుగారు బండి ఎక్కడానికి ఎత్తుపీట చేయించారు. ఆయన ఎక్కాక పీట కింద ఉండిపోతుంది కాబట్టి, దిగేటప్పటికి అందివ్వాలని అటెండరు పీట నెత్తిన పెట్టుకుని వెనక పరుగెత్తేవాడు. బండి ఇక బురదలో దిగబడలేదు. బోరు దగ్గరికి వెళ్ళే గేటులో అది పట్టేది కాదు.

తొలకరి పడింది. విత్తే ముందు సమావేశం పెట్టారు.

“టైర్లు సాళ్ళలో పట్టుట లేదని నివేదిక అందినది,” అన్నారు జలంధరరావుగారు. “దీనిని శాస్త్రీయంగా విశ్లేషిద్దాం. స్టాకు రిజిస్టరు ప్రకారం టైర్లు శాశ్వత ఆస్తి. మొక్కలు?”

స్టోరు కీపరు లేచి, “వినియోగపు సరుకు సార్. సున్నం, చీపుర్లు, మొక్కలు ఒకే పేజీ,” అన్నాడు.

“కావున?”

స్టోరు కీపరు రిజిస్టరు మూసి కూర్చున్నాడు.

“కావున టైరు స్థిరం, పొలం చరం. మార్చవలసినది పొలాన్ని.”

ఆ కేంద్రంలో ఇది కొత్త మాట కాదు. బీరువా పట్టకపోతే గోడ తవ్విన చరిత్ర ఉంది. రిజిస్టరులో నంబరు పడిన వస్తువు జోలికి ఎవరూ వెళ్ళరు. నంబరు లేనిదే పక్కకు తప్పుకోవాలి. మొక్కకు నంబరు వేసే పద్ధతి ఇంకా రాలేదు.

సాళ్ళ మధ్య దూరం పెంచారు. ముందు మూరెడు ఎడం, తర్వాత బారెడు. రెండు సాళ్ళు పోయిన చోట ఒకటి మిగిలింది. అది కూడా చాలక, చక్రం పక్కకు కాస్త ఒరిగినా మొక్క నలుగుతుందని ఆ ఒకటి కూడా మధ్య మధ్య తీసేశారు. ఇంతలో ఇంకో చిక్కు. హ్యాండిలు కొద్దిగానే తిరుగుతుంది కదా, సాలు చివర బండిని మళ్ళించాలంటే ఓబులేసు పొలం దాటి, గెస్టుహౌసు చుట్టూ తిరిగి, క్వార్టర్ల ముందు ఆరేసిన వడియాల మీదుగా వెనక్కి రావలసి వచ్చేది. ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని బయటికి వచ్చారు. దాంతో పొలానికి రెండు చివర్లా ‘మలుపు మండలం’ అని విశాలంగా వదిలేశారు. మలుపు మండలాలు రెండూ రెండు వైపుల నుంచి పెరుగుతూ వచ్చి, మధ్యలో పంటకు పంచె పరిచినంత చోటు వదిలాయి.

ఇది కేంద్రంలో ఎవరినీ కలవరపెట్టలేదు. పైగా ఉత్సాహం రేగింది. ఒకాయన టైరు గాడిలో నిలిచే నీటి మీద వ్యాసం రాశాడు. ఇంకొకాయన టైరు గుర్తుల అందాన్ని ‘చక్రాంకిత సేద్యం’ అన్నాడు. మూడో ఆయన టైర్ల కింద నలిగినా కాసే రకం కనిపెట్టాలని ప్రతిపాదించాడు.

“అద్భుతం! టైరు తట్టుకునే రకం,” అన్నారు జలంధరరావుగారు. “చౌడేశ్వరి గారూ, మీ రకం ఎండను తట్టుకుంటుంది కదా, టైరును ఎందుకు తట్టుకోదు? మీరు తగిన శ్రద్ధ కనబరచలేదేమో పరిశీలించండి.”

“ఎండ పైనుంచి వస్తుంది సార్. టైరు పైకెక్కి వస్తుంది,” అంది చౌడేశ్వరి.

“ఆ వ్యత్యాసాన్ని అధిగమించండి.”

ఆ సాయంత్రం ఆమె గట్టు మీద కూర్చుని, చీర అంచుకు అంటిన పల్లేరుకాయలు ఒక్కొక్కటే తీసి పడేసింది. పక్కన లచ్చుమక్క వక్క కొరుకుతోంది.

“యాడ విత్తుతావు తల్లీ నీ మొండికాయ? ఉన్న శేనంతా వాళ్ళ బండి తిరిగేదానికే సాల్లేదు.”

“అదే చూస్తా ఉండా అక్కా. బండి పోలేని నేల ఏదన్నా ఉందా అని.”

“బండి పోలేని నేలా?” లచ్చుమక్క వక్క బుగ్గకు నొక్కి, గడ్డంతో చూపించింది. “పంపుషెడ్డు యెనక ఆ మూల లేదా. గొర్రు తోలుకొని పోయేంత సందుంది. రెండు పక్కలా రాతికూసాలు. ఏనుగుకూన కూడా దూరల్యా.”

కూసాలనే నిలువు రాళ్ళు పాతి కట్టిన కంచె మలుపు తిరిగే చోట, పాత పంపుషెడ్డు వెనక, మూడు మూలల తుంట అది. ఎర్ర చల్కా నేల. ఎవరూ పట్టించుకోక తుమ్మమొక్కలు లేచాయి. చౌడేశ్వరి లేచి వెళ్ళి, పిడికెడు మట్టి తీసి, రొట్టెల పిండి మెత్తదనం చూసినట్టు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

నేల దొరికింది. దాన్ని అడగడం ఎలాగన్నదే మిగిలింది. మామూలు మాటల్లో అడిగితే రాదని ఆమెకు అప్పటికి తెలిసిపోయింది. మర్నాడు డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళి, ఆయన భాషలోనే మొదలుపెట్టింది.

“సార్, టైర్ల విశిష్టత నిరూపణ కావలెనంటే, టైర్లు సోకని హీన క్షేత్రం ఒకటి పోలిక నిమిత్తం ఉండవలసి ఉన్నది.”

జలంధరరావుగారు కళ్ళద్దాలు తీశారు. ‘హీన క్షేత్రం’ అన్న మాట ఆయన నోట్లో బెల్లంముక్కలా కరుగుతున్నట్టు కనిపించింది.

“అనగా ఓడిపోవుటకు ఒకటి.”

“అవును సార్. ఓడేవాళ్ళు లేకుండా గెలుపు ఎలా నమోదు చేస్తాం?”

“చాలా కాలానికి మీలో శాస్త్రీయ దృక్పథం కనబడుతున్నది. పంపుషెడ్డు వెనక వాహనం ప్రవేశించలేని వ్యర్థ స్థలం ఉన్నది. అది మీ బాధ్యత. అయితే ఒక్క మాట, అది విధిగా హీనంగా ఉండవలెను.”

“నా వంతు కృషి చేస్తాను సార్,” అంది చౌడేశ్వరి. దేనికి కృషి అన్నది ఆయన అడగలేదు.

‘హీన క్షేత్రం. వాహన ప్రవేశం అసాధ్యం’ అని బోర్డు పెట్టించారు. లచ్చుమక్క బృందం తుమ్మమొక్కలు పీకి, గొర్రుతో దున్ని, గోనెసంచిలోని గింజల్ని చేత్తో విత్తారు. ఆ మూలకు ఆ రోజు నుంచి డైరెక్టరుగారు గానీ, ఇంజనీర్లు గానీ, వ్యాసాలు రాసేవాళ్ళు గానీ ఒక్కరూ రాలేదు. హీనమైనదాన్ని చూడ్డానికి ఎవరు వస్తారు?

వేరుశనగ పద్ధతి వేరు. పువ్వు పైన పూస్తుంది, కాయ నేలలో కాస్తుంది. పువ్వు రాలాక దాని మొదట్లోంచి సన్నని ఊడ బయల్దేరి, కిందికి వంగి, మట్టిలో గుచ్చుకుని, అక్కడ కాయవుతుంది. మట్టి గుల్లగా ఉంటేనే ఊడ దిగుతుంది. ఆ ఏడు వానలు మధ్యలో మాయమయ్యాయి. టైర్లు తొక్కిన పొలం సిమెంటు గచ్చులా బిగుసుకుంది. ఊడలు దాని మీదికి వచ్చి, ఎక్కడ దిగాలో తెలియక, గాలిలో వేలాడి ఎండిపోయాయి. పంపుషెడ్డు వెనక మాత్రం మొండికాయ వానలు లేనన్నాళ్ళూ ముడుచుకుని, ఒక్క ముసురు పడగానే విచ్చుకుని, మెత్తటి మట్టిలోకి ఊడలన్నీ దించేసింది. కోత దగ్గరపడేసరికి ఆ మూల పచ్చటి జంపఖానా పరిచినట్టుంది.

ఆ పచ్చదనం చివరికి డైరెక్టరుగారి కంట పడింది. ఎత్తు బండి మీద వెళ్తున్నారు కదా, కంచె అవతలిది కూడా కనిపిస్తుంది. ఆయన బండి ఆపించి, పీట కోసం ఆగకుండా దిగబోయి, రెండు చేతుల్తో సీటు పట్టుకుని వేలాడుతూనే కేక పెట్టారు.

“చౌడేశ్వరి గారూ! హీన క్షేత్రం హీనంగా లేదు!”

“ఎంత ప్రయత్నించినా కాలేదు సార్.”

“ఇది క్రమశిక్షణా రాహిత్యం. రేపు ఉదయం ప్రత్యేకాధికారి గారు వస్తున్నారు. పోలికలో ఓడవలసినది గెలిచినట్టు కనబడితే కేంద్రం గౌరవం ఏమి కావలెను?” పీట వచ్చింది, ఆయన దిగి, రుమాలుతో మెడ తుడుచుకున్నారు. “ఓబులేసూ! రేపు అధికారి గారు వచ్చేలోపు ఈ క్షేత్రంలో వాహనాన్ని నాలుగు చుట్లు తిప్పవలెను. అప్పుడు అన్నీ సమానమగును.”

“సందులో పట్టదు సార్,” అంది చౌడేశ్వరి, కూసాల మధ్య సందు చూపిస్తూ.

“కూసాలు పీకించండి. పొద్దున్నే మనుషుల్ని పెట్టండి.”

కూసాలు పీకితే అంతే. కాయలన్నీ నేలలో ఉన్నాయి. నాలుగు చుట్లు చాలు, గింజ గింజా నలిగి పిండవుతుంది. మళ్ళీ విత్తడానికి ఆమె దగ్గర గోనెసంచి కూడా ఖాళీయే.

తెల్లవారి ఆమె వెళ్ళేసరికి ఓబులేసు రెయిన్‌కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాడు. లచ్చుమక్క గునపం పట్టుకుని కూసాల దగ్గర నిలబడి ఉంది. గునపం మాత్రం ఇంకా నేలకు తగల్లేదు. చౌడేశ్వరి ఆమె కళ్ళలోకి ఒకసారి చూసి, ఓబులేసు వైపు తిరిగింది.

“పాపం ఓబులేసూ, ఇంత పెద్ద టైర్లు తెచ్చుకుని, చివరికి ఆడోళ్ళు రాళ్ళు పీకితేగానీ పోలేవంటివే.”

“యెవురన్నారు మేడం? డైరెక్టరు సార్ అన్న్యాడు, నేనన్నానా?”

“నువ్వనకపోతే ఏం, చూస్తే తెలుస్తాంది,” అంది లచ్చుమక్క. గునపం మీద గడ్డం ఆనించి, పక్కనున్న ఆడవాళ్ళతో, “చూడండమ్మా, మా ఇంటాయన ఎద్దులబండి ఈ సందులో తోలెటోడు. తాగి కూడా తోలెటోడు. ఈ అబ్బి రెయిన్‌కోటు ఏసుకోని కూడా తోల్లేడంట,” అంది.

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు.

“ఏయ్ లచ్చుమక్కా, నోరు దగ్గర పెట్టుకో! ఇవి యాడ ఆగే టైర్లనుకొన్యావు? కొండలెక్కే టైర్లు!”

“కొండలు యెడల్పుగా ఉంటాయిలే నాయనా. ఇది సందు.”

“పక్కకు జరగండి!” అన్నాడు ఓబులేసు. హెల్మెట్టు బిగించాడు. “రాయి పీకేదీ వద్దు, గీయి పీకేదీ వద్దు. టైరుకే దోవ ఇయ్యల్ల రాయి.”

“వద్దులే ఓబులేసూ, బండికి దెబ్బ తగిలితే సార్ కోప్పడతాడు,” అంది చౌడేశ్వరి, సరిగ్గా ఎంత మెల్లగా అంటే వాడికి పౌరుషం పెరుగుతుందో అంత మెల్లగా.

వాడు బండిని వెనక్కి పోనిచ్చి, గట్టిగా ఊపందుకుని వచ్చాడు. రబ్బరు రాళ్ళకు తగిలి మూలిగింది. ముందు చక్రాలు నొక్కుకుని, నొక్కుకుని, సగం లోపలికి దూరాయి. అక్కడ ఆగాయి. వాడు ఇంజను ఇంకాస్త రేజు చేశాడు. బెల్టు కాలిన వాసన వచ్చింది. వెనక్కి లాగబోయాడు. రాళ్ళ మధ్య రబ్బరు, సీసాకు బిగుసుకున్న బిరడాలా పట్టేసింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఆ కేంద్రంలో మొదటిసారిగా ఆ బండి దిగబడింది కాదు, ఇరుక్కుంది.

ఓబులేసు పైన కూర్చుని, హెల్మెట్టు లోపల ఏదో అన్నాడు. అది ఏమిటో వినపడకపోవడం అందరికీ మంచిదే అయింది.

అప్పుడే గేటు దగ్గర కార్లు ఆగాయి. ముందు ప్రత్యేకాధికారి, వెనక జలంధరరావుగారు, ఆ వెనక పీటతో అటెండరు. అధికారి తెల్ల చొక్కా, చేతిలో గొట్టంలా చుట్టిన కాగితాలు. దారంతా ఎండిన పొలాలూ గచ్చు నేలలూ చూసి వచ్చాడు కాబట్టి మొహం మాడి ఉంది. పంపుషెడ్డు మలుపు తిరిగి, ఇరుక్కున్న బండినీ దాని వెనక పచ్చటి పంటనూ చూసి నిలబడిపోయాడు.

“ఈ వాహనం ఇక్కడ ఇట్లు నిలుచుటకు హేతువు ఏమి?”

జలంధరరావుగారు నోరు తెరిచారు. ఆయన జీవితంలో ఒక వాక్యం ‘కావున’తో మొదలు కాకుండా ఆగిపోవడం అదే మొదటిసారి. ఆయన చుట్టూ చూశారు. చూపు వచ్చి చౌడేశ్వరి మీద ఆగింది. అందులో దర్పం లేదు. పెళ్ళిపందిట్లో పప్పు చాలదని తెలిసిన వంటవాడి చూపు అది.

చౌడేశ్వరికి ఒక్క క్షణం, నిజం చెప్పేయాలనిపించింది. నిజం చెబితే బండిని లాగించేస్తారు. లాగించేశాక కూసాలు పీకుతారు.

“అడవిపందులకి సార్,” అంది మెల్లగా.

అంతే. జలంధరరావుగారికి ఊపిరి అందింది.

“కావున,” అన్నారు ఆయన, ఛాతీ విప్పి, “మా కేంద్రం రూపొందించిన నూతన విధానం ఇది సార్. క్షేత్ర ద్వారమున బృహత్ చక్ర వాహనమును సుస్థిరంగా నిలుపుట. అడవిపందులు గానీ, మేకలు గానీ, మనుష్యులు గానీ ప్రవేశింపలేరు.”

“మరి మిగతా క్షేత్రాలలో పంట ఏల క్షీణించినది? అక్కడా ఇదే వాహనం కదా?”

“అక్కడ వాహనం చలించినది సార్. ఇక్కడ నిలిచినది. తేడా స్పష్టంగా ఉన్నది.”

అధికారి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. “అనగా స్థిర వాహన పద్ధతి. దిగుబడి పరిశీలించవలెను. లోపలికి మార్గం?”

మార్గం లేదు. బండి పూర్తిగా అడ్డం ఉంది. కానీ దిమ్మలు పెట్టి అంత ఎత్తు లేపారు కదా, లచ్చుమక్క నడుం కాస్త వంచి దాని కింద నుంచి అవతలికి నడిచి వెళ్ళింది. వెళ్ళి, ఒక మొక్క మొదలు పట్టుకుని పీకింది. మట్టి పెళ్ళలతో పాటు గుత్తులు గుత్తులుగా కాయలు పైకి వచ్చాయి. ఇంకొకటి పీకింది, అంతే. బండి కింద నుంచి వంగి వచ్చి, మట్టి దులిపి, అధికారి చేతిలో పెట్టింది.

“తిని సూడు సామీ. పచ్చిది కమ్మగుంటాది.”

ఆయన ఒక కాయ చిట్లించి గింజలు నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఇంకో కాయ తీశాడు. అప్పుడు ఆయన మొహంలోంచి కాసేపు అధికారి తప్పుకున్నాడు. “ఇంత కరువులో ఇంత కాయా?” అన్నాడు మామూలు మనిషిలా. వెంటనే సర్దుకుని, “ఈ రకం ఎవరిది?” అని అడిగాడు.

“కేంద్రానిది సార్,” అన్నారు జలంధరరావుగారు.

“మా చౌడమ్మది సామీ,” అంది లచ్చుమక్క. ఎవరూ ఆమెను అడగలేదు. ఆమె ఎవరినీ అడిగి మాట్లాడే మనిషి కాదు.

అధికారి చౌడేశ్వరి వైపు తిరిగాడు. “ఈ రకమును రైతులకు విడుదల చేయుటకు సిఫార్సు చేయుచున్నాను. అయితే ఫలితం పద్ధతితో ముడిపడి ఉన్నది. క్షేత్రం లోపలికి వాహనం పోరాదు. ద్వారం వద్ద బృహత్ చక్రములతో నిలిచి ఉండవలెను. విత్తనంతో పాటు ఈ పద్ధతిని కూడా రైతులు విధిగా ఆచరించవలెనని షరతు. మీకు అభ్యంతరమా?”

చౌడేశ్వరి బండి వైపు చూసింది. దాని మీద ఓబులేసు ఇంకా దిగకుండా, రాజ్యం పోయిన రాజులా కూర్చున్నాడు. చక్రాల వెనక మొండికాయ ఆకులు గాలికి కదులుతున్నాయి.

“అభ్యంతరం లేదు సార్,” అంది.

మరుసటి తొలకరికి కేంద్రం ముందు విత్తనాల కోసం రైతులు బారులు తీరారు. గోడ మీద పెద్ద అక్షరాలతో ‘స్థిర వాహన పద్ధతి’ సూచనలు రాయించారు. జలంధరరావుగారికి ఆ పద్ధతి మీద ఉపన్యాసం ఇవ్వమని ఎక్కడెక్కడి నుంచో పిలుపులు వస్తున్నాయి. ఆయన ఊళ్ళో లేరు. చౌడేశ్వరి విత్తనాల బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కరికీ షరతు చదివి వినిపిస్తోంది. చదవకుండా ఇవ్వకూడదని ఉత్తర్వు.

బక్కపలచటి రైతు ఒకాయన తుండుగుడ్డ భుజాన వేసుకుని వచ్చాడు. పేరు తిప్పన్న. కరువు మొహం, నవ్వే కళ్ళు.

“మేడం, ఇత్తనం తీసుకుంటే బండి కూడా పెట్టుకోవల్లంట గదా. పెద్ద పెద్ద టైర్లది. నాకు సైకిలే ల్యా.”

“పద్ధతి వినండి ముందు,” అంది చౌడేశ్వరి. షరతులో రెండో వాక్యం మీద అరచెయ్యి పెట్టి, మొదటిది చదివింది. “పెద్ద టైర్ల బండి ఏ పరిస్థితిలోనూ చేనులోకి పోకూడదు. ఇంతకు ముందు మీ చేనులోకి అట్లాంటి బండి ఎప్పుడన్నా పొయ్యిందా?”

“నా శేన్లోకా? మా తాత నాటి నుంచి పోలే.”

“ఇక మీదట పోనిస్తారా?”

“నా తల తీసినా పోనియ్యను.”

“అయితే పద్ధతి మీ ఇంట్లో మూడు తరాల నుంచీ ఆచరణలో ఉంది,” అని, చౌడేశ్వరి షరతు పక్కన ‘అమలులో ఉన్నది’ అని రాసి సంతకం పెట్టి, మొండికాయ సంచి ఆయన చేతుల్లో పెట్టింది. “తర్వాత ఎవరు?”